విరాళం కోసం పిల్లల చేత కష్టాలు చెప్పించాలా?



యువజన సంస్థలకు చందాలు పోగుచేయడానికి పొద్దున్నే టిఫిన్ సభ పెట్టడం అమెరికాలో మామూలే. ఏడున్నరకల్లా హోటల్ హాల్లో గుండ్రటి బల్లలు, బల్లకు పదిమంది చొప్పున వేసి ఉంటాయి. ఒక్కో బల్లకు ఒక టేబుల్ కెప్టెన్. తనకు తెలిసినవాళ్లను పిలుచుకు రావడం ఆయన పూచీ. కంపెనీలు బల్లలకు బల్లలే తీసుకుంటాయి కనుక తెలుగు ఉద్యోగులూ ఆ కుర్చీల్లో కనిపిస్తారు. గుడ్డు ముట్టనివాళ్లకు పండ్ల ముక్కలు, మఫిన్, నీళ్ల కాఫీయే గతి. రాత్రి విందుకయ్యే ఖర్చు ఇక్కడ కాదు, మద్యం బిల్లు ఉండదు, గంటలో ముగించుకుని ఎవరి ఆఫీసుకు వాళ్లు పోవచ్చు. ఏర్పాటు భేషుగ్గానే ఉంటుంది. పేచీ అంతా ఆఖరి వక్తతోనే.

మేయరో, పేరున్న పాత ఆటగాడో మాట్లాడి దిగాక మైకు స్టాండును కిందికి దించుతారు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లో పిల్లాడో వచ్చి నిలబడతారు. నాన్న జైలుకు వెళ్లడం, అమ్మ రెండు ఉద్యోగాలు చేయడం, ఇల్లు పోయి కారులో పడుకున్న రాత్రులు... కాగితం చూసి చదువుతుంటే హాలంతా ముక్కులు ఎగబీల్చే చప్పుడు. ఆ తడి ఆరకముందే కెప్టెన్లు విరాళం మాట రాసిచ్చే ప్లెడ్జి కార్డులు పంచుతారు. ఏటా ఇంత చొప్పున ఐదేళ్లు ఇస్తామనే గడి కూడా కొన్ని కార్డుల్లో ఉంటుంది.

అన్ని సభలూ ఇలాగే జరుగుతాయని కాదు. జరిగిన చోట మాత్రం అది తప్పు.

నిర్వాహకులు తెలివితక్కువవాళ్లేమీ కారు. 2007లో స్మాల్, లోవెన్‌స్టైన్, స్లోవిక్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం చాలామంది ఎరిగిందే. ఐదేసి డాలర్లు చేతికిచ్చి దానం అడిగారు. ఆఫ్రికాలో ఆకలి గురించి అంకెలు మాత్రమే చదివినవాళ్లు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. మాలీ దేశపు ఏడేళ్ల రోకియా గురించి చదివినవాళ్లు 2.38 ఇచ్చారు. రెట్టింపు పైమాటే. కథ చెబితే డబ్బు రాలుతుందన్నది నిజం. అయితే ఆ రోకియా ఎవరి ముందూ నిలబడలేదు, మైకు పట్టుకోలేదు. కాగితం మీది నాలుగు వాక్యాలు, ఒక ఫొటో ఆ పని చేశాయి. కథ కావాలంటే సరే, దాన్ని పసివాడి నోటితోనే ఎందుకు చెప్పించాలి?

బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్స్ సంగతే చూడండి. 1860లో కనెటికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో ముగ్గురు మహిళలు, వీధుల్లో తిరిగే కుర్రాళ్లకు ఒక చోటు ఉండాలని మొదలుపెట్టిన ప్రయత్నం అది. 1906లో ఇలాంటి క్లబ్బులు కొన్ని కలిసి ఒక సమాఖ్య అయ్యాయి, 1990లో పేరులోకి ఆడపిల్లలు వచ్చారు. బడి వదిలాక పిల్లలు హోంవర్కు చేసుకుని, ఆడుకుని, అమ్మానాన్నా వచ్చేదాకా భద్రంగా ఉండే చోట్లవి. వాటికి నిధులు కావాలి, అందులో వాదం లేదు.

ఆ క్లబ్బుల తరఫున దశాబ్దాలుగా మాట్లాడుతున్నది నటుడు డెంజెల్ వాషింగ్టన్. న్యూయార్క్ రాష్ట్రం మౌంట్ వెర్నన్ క్లబ్బులో పెరిగినవాడు. అక్కడ తనను తీర్చిదిద్దిన బిల్లీ థామస్ గురించి, క్లబ్బు పిల్లలు చేరిన కాలేజీల జెండాలు ఆయన గోడ మీద వేలాడటం గురించి చెబుతుంటాడు. 2006లో సమాఖ్య నూరేళ్ల సందర్భంగా వచ్చిన పుస్తకమూ ఇలాంటి జ్ఞాపకాల సంకలనమే. తేడా ఎక్కడుందంటే, వాషింగ్టన్ పెద్దయ్యాక, తనంతట తాను, ఏది చెప్పాలో ఏది దాచుకోవాలో తెలిసి చెబుతున్నాడు. పన్నెండేళ్ల వాడికి ఆ వీలు లేదు. మాట్లాడమన్నది తనకు రోజూ అన్నం పెట్టే చోటి మేడమ్‌గారు! కాదని ఎలా అంటాడు? పైగా ముందు వరుసలో తన క్లాసు పిల్లాడి తండ్రే ఉండొచ్చు. ఎవరో సెల్‌ఫోన్లో తీసిన వీడియో వాడు ఉద్యోగానికి వెళ్లేనాటికీ దొరకొచ్చు.

ఇది ఒక్క అమెరికా సంగతే కాదు. భారతదేశంలో 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, బడి వివరాలు మీడియాలో బయటపెట్టడాన్ని నిషేధించింది. అయినా దాతలు వచ్చిన రోజున పిల్లల్ని వరసగా నిలబెట్టి నోటు పుస్తకాలు పంచుతూ ఫ్లెక్సీ ముందు ఫొటోలు తీయించడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు. టిఫిన్ సభను తప్పుపట్టే తెలుగువాళ్లు అదీ గుర్తుంచుకుంటే మంచిది.

పిల్లల్ని మాట్లాడనివ్వొద్దని కాదు ఈ లేఖ ఉద్దేశం. ఈ క్లబ్బులే 1947 నుంచి ఏటా ఉత్తమ సభ్యుణ్ణి ఎంపిక చేస్తున్నాయి, అందులో ప్రసంగమూ ఒక భాగం. తను కట్టిన రోబో గురించి, తను చదువు చెబుతున్న చిన్నపిల్లల గురించి పదహారేళ్ల అమ్మాయి చెబితే చప్పట్లు కొట్టని బల్ల ఉండదు. కష్టం గురించి చెప్పాలంటే ఇరవయ్యేళ్లు పిల్లల మధ్య గడిపిన కోచ్ ఉన్నాడు, అక్కడే పెరిగి నర్సయినావిడ ఉంది.

బల్ల తీసుకునే కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు ఈసారి ఆహ్వానం రాగానే టేబుల్ కెప్టెన్‌ను అడగాలి: ఆఖరున మాట్లాడేది ఎవరు, వయసెంత, ఆ ప్రసంగం రాసింది ఎవరు, వద్దనుకుంటే మానేసే వీలుందా, వీడియోను ఎన్నాళ్లు ఉంచుతారు? జవాబు సరిగ్గా లేకపోతే విరాళం తగ్గించనక్కర్లేదు. సభకు వెళ్లకుండా చెక్కు పంపి, ఎందుకు రాలేదో కింద రెండు ముక్కలు రాస్తే చాలు.

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు