కొల్లేటి పక్షుల జమాబందీ

అడంగలు లేని గ్రామమున ఏ పొలమెవరిదో, ఏ గట్టు ఎవరు జరిపిరో తేల్చుట కష్టము. వ్రాత లేని భూమికి తుదకు బలవంతుడే యజమాని యగును. ఈ సత్యము నెఱుగని రైతు మన దేశమున లేడు. కరణముల యుద్యోగము 1984లో రద్దయినను అడంగలు రద్దు కాకపోవుటకు ఇదియే కారణము. కాని మన జలాశయములకును, వాని నాశ్రయించి బ్రదుకు పక్షులకును అట్టి వరుస లెక్క లేకపోవుటచే కలిగిన నష్టమును మనమింకను చక్కగా గ్రహింపలేదు. ఈ నష్టమెట్టిదో కొల్లేరును చూచిన తెలియగలదు.

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున నున్న యీ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగు ఏఱులును, పెక్కు మురుగు కాలువలును వచ్చి చేరును. ఉప్పుటేఱు అను ఒక్క మార్గమున మాత్రమే ఈ నీరు సముద్రమునకు పోవును. వానకాలమున వెడల్పై, ఎండకాలమున కుంచించుకొని, మోకాటిలోతు నీరును, బురదయును, రెల్లును, తుంగయును గలిగి యుండుటయే కొల్లేటి స్వభావము. శీతకాలమున హిమాలయములకు ఆవలి దేశములనుండి వచ్చు బాతులకును, ఉల్లంకులు మొదలగు బురదపిట్టలకును ఈ స్వభావమే ఆహారమిచ్చుచున్నది.

దక్షిణదేశపు గూడబాతుల చరిత్రలో మూడు గ్రామసీమలు కలవు. 1902లో కడప మండలమందలి బుచ్చుపల్లెయొద్ద గూడబాతులు గూళ్లు కట్టుచున్నట్లు ఒకరు చూచి వ్రాసిరి. పిమ్మట ఆ స్థానము మరల ఎవరికిని కనబడలేదు. 1906లో తిరునెల్వేలి మండలమున కూందన్‌కుళమునందు ఇట్టి స్థానమునే రేనియస్ అను నతడు చూచెను. అది 1960లో మరల కనుగొనబడి, గ్రామస్థుల యాదరణమున నేటికిని నిలిచియున్నది. మూడవది మన కొల్లేరు. తరువాత ఇందుచూడన్ అను పేర మలయాళమున పక్షిగ్రంథము వ్రాసి ప్రసిద్ధికెక్కిన నీలకంఠన్, 1946లో కొల్లేటి ప్రాంతమున గూడబాతుల స్థావరమును కనుగొనెను. అప్పుడచ్చట గూళ్లు కట్టుచున్న పక్షులు రమారమి 3,000. సుమారు 1975 నాటికి ఆ స్థావరము నశించినది.

నడిమి ముప్పది సంవత్సరములలో జరిగినదేమి? ఏ యేట ఎన్ని తగ్గెను? ఏ కాలువ త్రవ్విన పిదప, ఏ చెట్లు కొట్టిన పిదప పక్షులు తొలగిపోయెను? ఈ ప్రశ్నలకు ఉత్తరమీయగల వరుసలెక్క లేదు. ఒక్క మనిషి ఒక్కనాడు లెక్కించి యుంచుటచేతనే పోయినదేమో మనకు తెలిసినది. ఆ యొక్క లెక్కయు లేకున్న, కొల్లేట గూడబాతుల కాపురమేనాడును లేదని నేడెవరైనను వాదింపవచ్చును. కాదనుటకు మనయొద్ద కాగితము లేకపోయెడిది.

ఆసియా ఖండపు నీటిపక్షుల గణన 1987లో ఆరంభమైనది. నాటినుండి ప్రతి జనవరి మాసమున స్వచ్ఛంద పరిశీలకులు చెఱువులయొద్దకును, సరస్సులయొద్దకును పోయి ఏ జాతి పక్షులెన్ని యున్నవో వ్రాసికొనుచున్నారు. చిన్న గుంపులను ఒక్కొక్కటిగా లెక్కింతురు. పెద్ద గుంపులను పదులుగను, వందలుగను విభజించి యెంచుదురు. ఈ పనిలో రెండు మెలకువలు ముఖ్యములు. ఒక్క యేటి సంఖ్యకు విలువ స్వల్పము. వానలు మెండైన యేడు పక్షులు వేలాది చిన్నచెఱువులకు చెదరిపోవును. కాటకపు టేట మిగిలిన నీటియొద్ద గుమిగూడును. కావున అదే కాలమున, అదే తావునుండి పెక్కేండ్లు లెక్కించిననే నిజము తేలును. రెండవ మెలకువ అంతకంటె ముఖ్యము. మొత్తము సంఖ్య మోసము చేయును. చేపలను తిను పక్షులు చేపల చెఱువులయొద్ద మూగి మొత్తమును పెంచవచ్చును. బురదలో పురుగు నేరుకొని బ్రదుకు చిన్నపిట్టలు అదే కాలమున అంతరింపవచ్చును. పంట మారిన సంగతిని మొత్తము విస్తీర్ణము చెప్పదు గదా! జాతివారీగా లెక్కింపనిచో గణన చేసియు చేయనట్లే.

దేశమంతటి స్థితి చూడుడు. ముప్పది వేలకు మించిన పరిశీలకుల వ్రాతల నాధారము చేసికొని భారతదేశపు పక్షుల స్థితిని గూర్చి 2023లో ఒక నివేదిక వెలువడినది. దీర్ఘకాలపు మార్పును నిర్ణయించుటకు ఆధారములు చాలిన జాతులు 338. అందులో 204 జాతులు తగ్గినవి. 98 నిలుకడగా నున్నవి. పెరిగినవి 36 మాత్రమే. నూటికి అరువది జాతులు క్షీణించుచున్నవన్న మాట. పెరిగినవానిలో నెమలి యొకటి యగుటచే మన కన్నులకు లోటు తోచదు. దూరదేశమునుండి వచ్చు బురదపిట్టలు పోవుచున్న సంగతి పొలముగట్టున నిలిచి చూచువారికి తెలియదు.

కొల్లేట పల్లపు నీటిని మ్రింగినదెవరు? 1970ల యుత్తరార్ధమున ప్రభుత్వమువారు పేద జాలరుల సహకార సంఘములకు చేపల చెఱువులు త్రవ్వించి యిచ్చిరి. ఉద్దేశము మంచిదే. కాని క్రమముగా ధనవంతులు కౌలు పేర ప్రవేశించిరి. గట్టు వెనుక గట్టు లేచినది. 2001 ఫిబ్రవరిలో ఉపగ్రహము తీసిన చిత్రమును పరిశీలించినవారు, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో నూటికి 42 వంతులు చేపల చెఱువుల క్రిందను, ఎనిమిదిన్నర వంతులు సేద్యము క్రిందను పోయినట్లు తేల్చిరి. చేపల చెఱువున నీరున్నది గదా, పక్షులకేమి కొఱత యని కొందఱడుగుదురు. చేపల చెఱువు నిలువుగట్లు గల లోతుగుంట. అందు పిట్ట కాలూన బురద లేదు, గూడు కట్ట తుంగ లేదు. చేపకొఱకు వాలిన పక్షిని టపాకాయలతోను, వలలతోను తఱుముదురు. గట్లు ఏఱుల నీటి నడ్డగించును, గుఱ్ఱపుడెక్క క్రమ్ముకొనును, ఉప్పుటేఱు పూడినకొలది ఎగువ ముంపును, దిగువ ఉప్పునీటి పోటును హెచ్చును. ఆటపాకయొద్ద అటవీశాఖవారు నిలిపిన ఇనుప మంచెలపై గూడబాతులు నేడు గూళ్లు కట్టుట సంతోషమే. కాని చెట్టుండవలసినచోట ఇనుము నిలుపవలసివచ్చుట గొప్పగా చెప్పుకొనదగినది కాదు.

ప్రభుత్వములు చేసినవి లేకపోలేదు. 1999లో ఐదవ కాంటూరు, అనగా సముద్రమట్టమునకు ఐదడుగుల యెత్తు వఱకును గల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా పరిగణింపబడినది. 2006లో సర్వోన్నత న్యాయస్థానము నియమించిన సంఘము ఆదేశింపగా, చెఱువుల గట్లను పెద్దయెత్తున పగులగొట్టిరి. 2008లో హద్దును మూడవ కాంటూరునకు తగ్గింపవలెనని శాసనసభ తీర్మానించెను. కేంద్రప్రభుత్వము నియమించిన అజీజ్ సంఘము హద్దును తగ్గించుట తగదని చెప్పినది. అయినను ఆ వాదము సమసిపోలేదు. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల మరల తలయెత్తును.

ఈ వాదమున న్యాయమే లేదని మేమనము. హద్దులోపల జిరాయితీ పట్టాలు గల రైతులు కలరు. తరతరములుగా సరస్సునే నమ్ముకొన్న వడ్డివారు మున్నగు జాలరులు కలరు. వీరి కష్టము నిజమైనది. కాని ఈ కష్టమునకు మందు పరిహారమిచ్చుటయే గాని సరస్సును కోయుట కాదు. కోసిన భాగము పేద జాలరికి దక్కునన్న నమ్మకము వెనుకటి యనుభవమునుబట్టి మాకు లేదు. సంఘముల పేర నిచ్చిన చెఱువులేమైనవో కొల్లేటి లంకలలో నడుగుడు.

పక్షులు పోయిన మనకేమి యనువారికి రెండు సంగతులు చెప్పెదము. పులికాటునకు సమీపమున నేలపట్టు గ్రామమున గూడబాతుల రెట్ట కలిసిన చెఱువునీరు పైరునకు ఎరువని రైతులు నమ్మి ఆ పక్షులను కాపాడుచు వచ్చిరి. ఆ చెఱువు 1976లో అభయారణ్యమైనది. ఇది లాభము. నష్టమెట్టిదో 2024 సెప్టెంబరులో విజయవాడ చూచినది. బుడమేరునకు గండ్లు పడి పట్టణములోని పేటలు దినములకొలది నీట నానినవి. ఆ బుడమేరు తుదకు చేరవలసినది కొల్లేరే. గండ్లకు కారణములు పెక్కు గలవు. వానినన్నిటిని కొల్లేటికి అంటగట్టము. కాని వరదనీటిని పట్టి మెల్లగా విడుచు పల్లమును గట్లతో నింపినవారు, మఱునాటి వరద ఏ దారిని పోవలెనో కూడ చెప్పవలసియుండును. పిట్ట నిలువగల లోతులేని నీటినేలయే వరద పఱచుకొను నేల. కావున బురదపిట్టల సంఖ్య సరస్సు ఆరోగ్యమునకు నాడి వంటిది.

మా కోరిక మితమైనది. ప్రతి జనవరియందును, గూళ్లు కట్టు కాలమునందును, కొల్లేట నిర్ణీతస్థానములనుండి జాతివారీగా గణన జరుగవలెను. అందు అటవీశాఖవారితోపాటు కళాశాలల విద్యార్థులును, నీటి పోకడ లెఱిగిన జాలరులును జీతముపై పాల్గొనవలెను. ఆ లెక్క ఆంగ్ల నివేదికలలో మఱుగుపడక, తెలుగున ప్రతి లంకగ్రామపు పంచాయతీ గోడపై కనబడవలెను. పదియేండ్ల లెక్క శాసనసభ బల్లపై నుంచనిదే హద్దును అంగుళమైనను కదలింపరాదు.

జమాబందీనాడు లెక్క చూపలేని గ్రామాధికారిని పూర్వము క్షమించెడివారు కారు. బుచ్చుపల్లె లెక్క పోయినది. 1946 నాటి కొల్లేటి స్థావరము ఒక్కని వ్రాతలో మాత్రమే మిగిలినది. ఇక మీదట కొల్లేట ఏమి పోయినను, మాకు తెలియలేదని చెప్పుకొను నవకాశము ప్రభుత్వమునకు గాని, మనకు గాని యుండరాదు.