ఆ మూడు నెలలు వెళ్లనివ్వండి

మీ ఇంట్లో హౌస్ సర్జన్సీ చేస్తున్న అమ్మాయో, ఎండీలో చేరిన అబ్బాయో ఉంటే ఈ వారం ఈ మాట మీకే. జిల్లా ఆసుపత్రి పోస్టింగుల జాబితా నోటీసు బోర్డు మీదికి రాగానే మా దగ్గర ఫోన్లు మోగడం మొదలవుతుంది. చేసేది విద్యార్థులు కాదు, తల్లిదండ్రులు. ‘తాండూరు అంత దూరమెందుకు సార్, ఇక్కడే పాతబస్తీలో ఏదైనా సెంటర్ చూడండి’ అని ఒకరు. ‘పిల్లకి బయటి నీళ్లు పడవండీ’ అని మరొకరు. ఎమ్మెల్యే గారి పీఏతో చెప్పించేవారూ ఉన్నారు. తాండూరుకు రైలెక్కితే మూడు గంటలు, అంతే. అమెరికా పంపడానికి సిద్ధంగా ఉన్న ఇంట్లోనే ఈ బెంగ ఎక్కువ కనిపిస్తుంది.

ఇవి ఎవరో శిక్షగా వేస్తున్న పోస్టింగులు కావు. ఏడాది ఇంటర్న్‌షిప్‌లో 12 వారాలు కమ్యూనిటీ మెడిసిన్‌కే కేటాయించారు. పీజీ విద్యార్థులు జిల్లా ఆసుపత్రిలో మూడు నెలలు పనిచేయాలన్న నిబంధన 2020లో వచ్చింది. ఎంబీబీఎస్‌లో చేరినవాళ్లు ఒక్కొక్కరు కనీసం 3, వీలైతే 5 పల్లె కుటుంబాలను చదువు సాగినంత కాలం చూసుకోవాలని జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. ఆలోచన మాత్రం పాతదే. వైద్య విద్యార్థికి సమాజంలో శిక్షణ కావాలని 1946లోనే భోర్ కమిటీ రాసింది. మెక్సికోలో అయితే 1936 నుంచే ఇది ఉంది.

ఎందుకు అవసరమో మా ఆసుపత్రుల గుమ్మం దగ్గర నిలబడితే తెలుస్తుంది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రికి ఇమ్లీబన్ బస్టాండు నడిచిపోయేంత దూరం. తెల్లవారుజామున నారాయణపేట, గద్వాల, నాగర్‌కర్నూల్ బస్సులు దిగి, రిపోర్టులు పాలిథిన్ కవర్లో పట్టుకుని వచ్చేవాళ్లు ఎందరో. అలాంటి మనిషికి ‘సోమవారం పొద్దున పరగడుపున వచ్చి షుగర్ చేయించుకో’ అని చీటీ రాయడం తేలిక. ఆయన ఎప్పటిలాగే ఇన్సులిన్ వేసుకుని, ఏమీ తినకుండా రాత్రి మూడింటికి బస్సెక్కుతాడు. దారిలోనే షుగర్ పడిపోయి, చెమటలు పట్టి సొమ్మసిల్లుతాడు. ఆ పరీక్ష ఆయన ఊరి పక్కనే చేయించి, ఫలితం మాత్రం తెమ్మని చెప్పవచ్చు. ‘ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకో’ అని రాసే ముందు ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని అడగవచ్చు. లేకపోతే తడి గుడ్డ చుట్టిన మట్టి కుండలో ఎలా భద్రం చేయాలో చెప్పవచ్చు. ఆ ఇంటి గడపలో ఒక్కసారి కూర్చున్న కుర్రవాడికి ఈ ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. కూర్చోనివాడికి మేము పాఠం చెప్పినా గుర్తుండవు.

పాము కాటు సంగతి చూడండి. పెద్ద ఆసుపత్రిలో రక్తం గడ్డకట్టే తీరు తెలియాలంటే ల్యాబ్‌కు పంపుతాం, రిపోర్టు కోసం చూస్తాం. వానాకాలంలో నాట్ల నుంచి నేరుగా తెచ్చిన రైతు కూలీకి పల్లె ఆసుపత్రిలో చేసే పరీక్ష వేరు. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత మెల్లగా వంచి చూస్తారు. గడ్డ కట్టకుండా నీళ్లలా జారితే అది రక్తపింజరి లాంటి పాము విషం. వెంటనే విరుగుడు మందు మొదలుపెట్టాలి, రియాక్షన్ వస్తుందేమోనని అడ్రినలిన్ చేతిలో పెట్టుకుని పక్కనే నిలబడాలి. గొట్టం ప్లాస్టిక్‌ది అయినా, సబ్బుతో కడిగినదైనా పరీక్ష తప్పుతుంది. ఇంత చిన్న విషయం పుస్తకంలో ఒక వాక్యం. రాత్రి పదింటికి రోగి భార్య ఎదురుగా నిలబడి ఉండగా ఆ 20 నిమిషాలు లెక్కపెట్టినవాడు దాన్ని జన్మలో మరచిపోడు.

కట్లపాము ఇంకా మోసకారి. నేల మీద నిద్రపోతున్నవాళ్లను కరుస్తుంది. కరిచిన చోట వాపు, నొప్పి పెద్దగా ఉండవు. తెల్లారాక కడుపునొప్పి అంటూ వస్తారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. దీన్ని గ్యాస్ నొప్పి అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పంపితే ఆ మనిషికి శ్వాస ఆడదు. హైదరాబాద్ దాకా తెచ్చే వ్యవధి కూడా ఉండదు.

పాతబస్తీలో పనిచేస్తే చాలదా అని అడుగుతారు. ఇక్కడ నేర్చుకునేది తక్కువేమీ కాదు. తాలాబ్‌కట్టా నుంచి వచ్చిన ఖాలాజాన్ ‘ఘబ్రాహట్ హోరై బేటా’ అంటే అది గుండె దడా, దిగులా, రక్తహీనతా అని విడదీసి అడగడం ఒక విద్యే. ‘పానం మంచిగ లేదు సారూ’ అన్న మాట వెనక ఏముందో పట్టుకోవడమూ అంతే. కాకపోతే ఇక్కడ అనుమానం వస్తే ఆటోలో పెద్ద ఆసుపత్రికి పంపేయవచ్చు. అక్కడ అంబులెన్స్ వచ్చేదాకా రోగి మీ వాడి చేతిలో ఉంటాడు. డాక్టరు చేయి అక్కడే గట్టిపడుతుంది.

మరి మీ భయాలన్నీ ఉత్తవేనా? కావు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ డాక్టరుకు జరిగిన ఘోరం తర్వాత ఆడపిల్లను రాత్రి డ్యూటీకి పంపే తల్లికి ధైర్యం చెప్పే అర్హత ఎవరికీ లేదు. క్వార్టర్స్‌కు గడియ లేని చోట్లు, ఆడవాళ్లకు విడిగా బాత్రూమ్ లేని చోట్లు ఉన్నాయి. నేర్పేవాడు లేక విద్యార్థి రిజిస్టర్‌లో సంతకం పెట్టి, ఫోన్ చూసుకుంటూ కూర్చునే పోస్టింగులూ ఉన్నాయి. అందుకు విద్యార్థిని కాదు, మా ప్రొఫెసర్లనూ అధికారులనూ నిలదీయాలి. మీ ఫోన్లలో నూటికి పది ఇలాంటి వాటి కోసం వచ్చినా ఈపాటికి చాలా గదులకు తలుపులు సరిగా పడేవి. పోస్టింగు రద్దు చేయించుకున్న తల్లిదండ్రులకు ఆ గది గురించి ఇక పట్టదు. సిఫారసు లేని ఇంటి పిల్ల అందులోనే ఉంటుంది.

రాష్ట్రం ఏర్పడేనాటికి తెలంగాణలో ప్రభుత్వ వైద్య కళాశాలలు అయిదు. ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాలో ఒకటి ఉంది. అంటే మీ ఊళ్లో ఉన్న అమ్మమ్మకు అర్ధరాత్రి ఆయాసం వస్తే ముందుగా చేయి పట్టి చూసేది ఇలాంటి పిల్లలే. వాళ్లు అక్కడ ఉండాలని కోరుకుంటూ, మనవాడు మాత్రం ఇక్కడే ఉండాలంటే ఎలా కుదురుతుంది?

జాబితా వచ్చాక ఫోన్ తప్పకుండా చేయండి. రాత్రి డ్యూటీలో పిలిస్తే వచ్చే సీనియర్ ఎవరు, ఆయన నంబర్ పిల్లల దగ్గర ఉందా, ఆసుపత్రి నుంచి గదికి దారిలో లైట్లున్నాయా, పోస్టింగుల కోఆర్డినేటర్ ఎవరు అని అడగండి. వీలైతే మొదటి ఆదివారం మీరే వెంట వెళ్లి గది చూసి రండి. టార్చిలైటు, బూట్లు, దోమతెర సర్దండి. నీట్ పీజీకి చదువుతుంటే పుస్తకాలు కూడా పెట్టండి, సాయంత్రాలు అక్కడ బాగానే తీరిక దొరుకుతుంది.