నమస్కారానికి ఇంగ్లీషు పేరే ఎందుకు?

దోహాలో ఆఫీసులోనో, ఆసుపత్రిలోనో, బడిలోనో పనిచేసే మనకు కంప్యూటర్‌లో డ్యూటీ చాట్ ఒకటి తప్పదు కదా. అలాంటి చాట్‌లు చాలావాటిలో రెండు కోలన్ గుర్తుల మధ్య ఇంగ్లీషులో ‘ప్రే’ అని కొడితే జోడించిన చేతుల బొమ్మ వచ్చేస్తుంది. మాయేం లేదండీ. యాప్ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఒకవైపు పేరు, ఇంకోవైపు బొమ్మ. కోలన్ల మధ్య మాట అందులో దొరికితే బొమ్మ చూపిస్తుంది, దొరక్కపోతే రాసింది రాసినట్టే వదిలేస్తుంది.

నా గొడవంతా ఆ పేర్లతోనే. మనం చేతులు జోడించేది దేవుడికొక్కడికే కాదుగా! అత్తగారికి నమస్కారం, మేనేజరుకు థ్యాంక్స్, ఆలస్యమైతే క్షమాపణ, అన్నీ అందులోనే. 2010లో యూనికోడ్ ఈ బొమ్మను చేర్చుకున్నప్పుడు పెట్టిన పేరు కూడా ‘చేతులు జోడించిన వ్యక్తి’ అనే. ‘ప్రే’ అన్నది యాప్‌ల వాడుకలో వచ్చింది. 2019లో చీర, ప్రమిద బొమ్మలు కూడా వచ్చాయి, సంతోషమే. కానీ వాటిని పిలవాలంటే ‘శారీ’ అనీ ‘దియా ల్యాంప్’ అనీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

“బొమ్మ మీద నొక్కితే పోలా?” అంటారేమో. వేల బొమ్మల్లో వెతకడం అందరి వల్లా కాదు. తెలుగు చక్కగా చదివి రాసే ఊళ్ళో పెద్దమ్మ, ఇక్కడ ఇళ్లలో పనికొచ్చిన చెల్లి, ఇంగ్లీషు స్పెల్లింగ్ రాదని చిన్నబోవాలా? యూనికోడ్ సంస్థ ఉచితంగా ఇచ్చే సీఎల్‌డీఆర్ అనే భాషా సమాచారంలో ఎమోజీలకు తెలుగు పేర్లు ఇప్పటికే ఉన్నాయి. వాటిని తెచ్చి పట్టికలో కలపాలి. కోలన్ల మధ్య ఇంగ్లీషు అక్షరాలనే గుర్తుపట్టే యాప్‌లు తెలుగునూ గుర్తుపట్టాలి. అంతే కదా!

ఇంకో సంగతి. కొన్ని యాప్‌లు మనం అడక్కుండానే మార్చేస్తాయి. అమ్మకు మందుల వరస రాస్తూ 8 అంకె వేసి బ్రాకెట్ మూస్తే నల్లకళ్లద్దాల మొహం ప్రత్యక్షం! మందులు, డబ్బు, విమానం టైము రాసేటప్పుడు పంపేముందు ఒకసారి చూసుకోండి. సెట్టింగుల్లో ఆ మార్పిడిని ఆపే వీలుంటే ఆపేయండి.

మన గ్రూపుల్లో సాఫ్ట్‌వేర్ చేసే అమ్మాయిలు హైదరాబాద్ నుంచి దోహా దాకా ఉన్నారు. ఈ పట్టికలు చాలావరకు ఎవరైనా చూసి మార్పులు సూచించగలిగేవే. అమ్మాయిలూ, మీరు కోడ్‌లో చేర్చండి. మిగతావాళ్లం యాప్‌లకు ఫీడ్‌బ్యాక్ రాద్దాం. అడగందే అమ్మైనా పెట్టదు కదా!