కథకి గైడు ఎందుకండీ?

ముందు మీకో చిన్న పరీక్ష. ఈ రెండు వాక్యాలు చదవండి.

"గిరబోడు తన లిమ్మను తొరడులో దాచాడు. సాయంత్రానికి లిమ్మంతా జొబ్బయిపోయింది."

ఇప్పుడు ప్రశ్నలు. గిరబోడు లిమ్మను ఎక్కడ దాచాడు? తొరడులో. సాయంత్రానికి లిమ్మ ఏమైంది? జొబ్బయిపోయింది. రెండుకి రెండు మార్కులు! గిరబోడు ఎవరో, లిమ్మ అంటే తినేదో తొడుక్కునేదో మీకు తెలీదు. నాకూ తెలీదు, ఆ మాటలు ఇప్పుడే పుట్టించాను. అయినా జవాబులు వచ్చేశాయి. మన పిల్లల తెలుగు నోటుబుక్కుల్లో పదికి పది ఎలా వస్తున్నాయో అర్థమైందా?

మా చిన్నది మూడో తరగతి. దాని నోట్సు తీస్తే ప్రతి పాఠానికీ ఒకటే వరస. ముందు పదాలు-అర్థాలు, తర్వాత ప్రశ్నలు-జవాబులు, చివర నీతి. అన్నీ బోర్డు మీంచి దించుకున్నవే. "దట్టమైన = చిక్కటి" అని ఐదుసార్లు రాసింది. మర్నాడు పొద్దున గ్లాసు ముందు కూర్చుని "అమ్మా, ఇవాళ పాలు దట్టంగా ఉన్నాయి" అంది. తప్పు దానిదా? దట్టమైన అడవిలోకి దాన్ని ఎవరూ తీసుకెళ్ళలేదు. వెలుతురు దూరనంతగా చెట్లు, పక్కన ఎవరున్నారో కనపడని చీకటి, ఇవేవీ చూపించకుండా ఒక మాటకి ఎదురుగా ఇంకో మాట పెట్టి, మధ్యలో సమానం గుర్తు వేశారు. మాటలు లెక్కలు కాదు కదండీ.

అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. సింహం, కుందేలు కథ మనందరికీ తెలిసిందే. బావిలో తన నీడ చూసి ఇంకో సింహం అనుకుని దూకేస్తుంది. పరీక్షలో "కుందేలు సింహాన్ని ఎలా మోసం చేసింది?" అని అడిగారు. మా పిల్ల "మోసం చెయ్యలేదు, ప్రాణం కాపాడుకుంది" అని మొదలుపెట్టి, బావి సంగతంతా సొంత మాటల్లో రాసింది. ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేసి, నోట్సులో ఉన్నట్టు రాయాలని కింద రాశారు. ఎనిమిదేళ్ళ పిల్ల మోసానికీ ఆత్మరక్షణకీ తేడా పట్టుకుంటే ఆ టీచరు క్లాసు ఆపి చప్పట్లు కొట్టించాలి. సున్నా వేశారు. ఆ తర్వాత నుంచి నేను ఏ కథ గురించి ఏమడిగినా, జవాబు చెప్పేముందు "నోట్సులో ఏముందమ్మా?" అని అడుగుతోంది. పోయిన మార్కు గురించి కాదు నా బాధ. తనకి తోచింది చెప్పొచ్చనే ధైర్యం పోయింది చూశారా, దాని గురించి.

"క్లాసులో నలభై మంది ఉంటే ఒక్కొక్కరి సొంత జవాబు ఎవరు దిద్దుతారు?" అంటారు. నిజమే, టీచర్ల కష్టం నాకు తెలుసు. కానీ నలభై ఒకేలాంటి జవాబులు దిద్దడం వల్ల ఏం తెలుస్తుంది? నలభై మందికీ దించడం వచ్చని తెలుస్తుంది. 2022 అసర్ సర్వేలో మన దేశపు పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు నూటికి సుమారు 43 మందే. అది కూడా గడగడా పైకి చదవడం వరకే. చదివింది బుర్రకెక్కిందా అన్నది ఆ తర్వాతి మాట. మన పిల్లలు పట్నంలో ఫీజులు కట్టే బడిలో ఉన్నారు కాబట్టి మనకేం ఫర్వాలేదనుకోకండి. గిరబోడి లిమ్మ పట్నంలోనూ తొరడులోనే ఉంటుంది.

మరి ఎలా నేర్పాలి? కొత్త కనిపెట్టుడేమీ అక్కర్లేదు. ఏడు చేపల కథ తీసుకోండి. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఎండని ఒక చేప. ఒక్కో ఊళ్ళో ఒక్కోలా చెప్తారు. మా అత్తగారి వరస ఇది: చేపకి గడ్డిమోపు అడ్డం, గడ్డిని ఆవు మెయ్యలేదు, ఆవుని పాలేరు మేపలేదు, పాలేరుకి అవ్వ అన్నం పెట్టలేదు, అవ్వ దగ్గర పిల్లాడు ఏడ్చాడు, పిల్లాణ్ణి చీమ కుట్టింది.

ఇందులో ఎన్ని పాఠాలున్నాయో చూడండి. ఆవు మేసింది, పాలేరు మేపాడు. తనే చేస్తే ఒక మాట, ఇంకొకరి చేత చేయిస్తే ఇంకో మాట. ఇది వ్యాకరణం కాదా? చీమ కుడుతుంది, దర్జీ కుడతాడు, పాపకి చెవులు కుట్టిస్తాం. ఒకే మాట, మూడు పనులు, మూడింట్లోనూ ఏదో గుచ్చుకోవడం ఉంది. ఇది పిల్లలే కనిపెడతారు, మనం చెప్పక్కర్లేదు. ఎండ, ఎండటం, ఎండబెట్టడం, ఎండుమిర్చి, ఎండాకాలం, ఒక్క చేప చుట్టూ ఇంత కుటుంబం. వడియాలు పెట్టే రోజు ఈ కథ చెప్పి చూడండి, మాటల అర్థాలు డాబా మీదే ఎండుతూ కనపడతాయి.

ఇక ప్రశ్నలు. "చేపలు ఎన్ని?" అని అడగడం దండగ, పేరులోనే ఉంది. "చేప ఎండకపోవడంలో అసలు తప్పెవరిది?" అని అడగండి. మా ఇంట్లో ఈ ప్రశ్న మీద పెద్ద పంచాయితీ జరిగింది. పెద్దాడు చీమదన్నాడు. చిన్నది ఒప్పుకోలేదు, పుట్టలో వేలు పెట్టినవాడిదే అంది. వాడు పసివాడు, వాడికేం తెలుసు, చూసుకోవాల్సిన అవ్వది అన్నాడు వాడు. "అందరూ పక్కవాళ్ళ మీదకి తోసేశారు, ఒక్కరూ తమ తప్పు ఒప్పుకోలేదు" అని చివరికి చిన్నదే తేల్చింది. ఏ గైడులో ఉందండీ ఈ జవాబు? మా అత్తగారు బడి గడప తొక్కలేదు. ఆవిడ కథకి చివర "నీతి ఏమిటి?" అని ఏనాడూ అడగలేదు. పిల్లలే ఏరుకున్నారు.

ఇలాంటి ప్రశ్న ఎలా ఉండాలో తెలుగువాళ్ళకి ఇంకొకరు చెప్పాలా? 1947 జూలైలో మొదలైన చందమామ కొన్ని దశాబ్దాలపాటు ఇంటింటా బేతాళుణ్ణి కూర్చోబెట్టింది. బేతాళుడు విక్రమార్కుణ్ణి "శవం ఏ చెట్టు మీదుంది?" అని అడగడు. కథలో ఫలానావాడు అలా ఎందుకు చేశాడు, అది న్యాయమేనా అని అడుగుతాడు. జవాబు కథలో ఎక్కడా రాసి ఉండదు, కానీ కథ సరిగ్గా వింటే తప్ప దొరకదు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. మన బళ్ళలో తిరగబడింది. సొంతంగా చెబితే తల మీద మొట్టికాయ!

గుజరాత్‌లో గిజుభాయి బధేకా (1885–1939) తన 'దివాస్వప్న' పుస్తకంలో ఒక మాస్టారిని నాలుగో తరగతిలోకి పంపిస్తే, ఆ మాస్టారు ముందు కథలు చెప్పడంతోనే మొదలుపెడతాడు. మిగతావాళ్ళు నవ్వుతారు, సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని అడుగుతారు. ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతున్నదీ అదేగా!

"మాది ఇంగ్లీషు మీడియం, తెలుగు కథలెందుకు?" అనే అక్కలకి ఒక్క మాట. కారణం వెతకడం, తర్వాతేం జరుగుతుందో ఊహించడం, మనిషి మనసు కనిపెట్టడం, ఇవి వచ్చిన భాషలో అలవాటైతే కొత్త భాషలోకి వాటంతటవే నడిచొస్తాయి. ఇంట్లో మాట్లాడే భాషలోనే "ఎందుకు?" అని అడగని పిల్ల ఇంగ్లీషులో ఎలా అడుగుతుంది?

టైము లేదంటారా? పావుగంట చాలు. కథ మీరు పైకి చదవండి, ప్రతి మాటకీ ఆగి అర్థం చెప్పకండి, కథ చచ్చిపోతుంది. మంచి పట్టులో ఒక్కచోట ఆపి "ఇప్పుడేమవుతుంది?" అనండి. కొత్త మాటలు మూడో నాలుగో పట్టుకుని, మర్నాడు వంటింట్లో, బస్టాపులో వాటినే వాడండి. రెండు రోజులయ్యాక కథని పిల్లల చేత తమ్ముడికో తాతగారికో చెప్పించండి. అర్థమైందో లేదో అక్కడ తేలిపోతుంది. పుస్తకాలు కొనలేకపోతే ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉంది, 2015లో మొదలైన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. అమ్మే చెయ్యాలని రూలేం లేదు, నాన్నలకీ నోరుంది.

కానీ అంతా ఇంట్లోనే సర్దుకుంటే బడి మారదు. మనం పేరెంట్స్ మీటింగుకి వెళ్ళి "పక్కమ్మాయికి పది, మా పిల్లకి తొమ్మిదేంటండీ?" అని అడుగుతున్నంతకాలం వాళ్ళు నోట్సే రాయిస్తారు. మనం అడిగిందే వాళ్ళు ఇస్తున్నారు. ఈసారి నోటుబుక్కు పట్టుకెళ్ళి "ఇందులో మా పిల్ల సొంతంగా రాసిన వాక్యం ఒక్కటి చూపించండి" అని అడుగుదాం. ఒక్కరు అడిగితే గొడవమనిషి అంటారు. పదిమంది అడిగితే ఆలోచిస్తారు.

వచ్చే శనివారం మా బళ్ళో మీటింగు. నేను అడగబోతున్నాను. మరి మీ బళ్ళో ఎప్పుడు?