రేడియోకు యాప్ ఒక్కటే చాలదు, చిరునామా కావాలి

1990ల్లో కొన్న స్టీరియోలు తెలుగువాళ్ల ఇళ్లలో ఇంకా చాలానే ఉన్నాయి. క్యాసెట్ తిరగదు, సీడీ ట్రే తెరుచుకోదు. కంపెనీదైనా, ఊళ్లో మెకానిక్ చేత కట్టించుకున్న అసెంబుల్డ్ డెక్ అయినా, యాంప్లిఫయరూ స్పీకర్లూ మాత్రం చాలావాటిలో నిక్షేపంగా ఉంటాయి. అటకెక్కిన ఆ పెట్టెను దించి, దుమ్ము దులిపి, ఇంట్లోని కంప్యూటర్‌కు తగిలిస్తే విజయవాడ ఆకాశవాణి మొదలు బీబీసీ దాకా ఏ రేడియో అయినా హాలంతా వినిపిస్తుంది. ఇంటర్నెట్ ఉన్న ఇంట్లో దీనికి అదనంగా కావలసింది ఒక్క వైరు.

ఫోన్లో వింటూనే ఉన్నాం కదా అనేవాళ్లున్నారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఒక్కరికే వినిపిస్తుంది, ఫోన్ స్పీకర్ పక్క గదికి చేరదు. ఒకరు వంటింట్లో, ఒకరు వరండాలో, ఎవరి పని వాళ్లు చేసుకుంటూనే అందరూ ఒకే కార్యక్రమం వినడం రేడియో అలవాటు చేసిన సుఖం. అది తిరిగి కావాలంటే పెద్ద స్పీకర్లే కావాలి.

నాణ్యత సంగతీ ఉంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. అక్కడి భక్తిరంజనిని తరాల తరబడి జనం మీడియం వేవ్ మీదే విన్నారు. మీడియం వేవ్‌లో స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండాలి కాబట్టి, మామూలు సెట్లలో సుమారు 4.5 కిలోహెర్ట్జ్ పైన ఉండే ధ్వనులు దాదాపుగా వినిపించవు. మాటకు అది సరిపోతుంది. వీణ మీద మీటు, తాళాల గలగల, గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు మాత్రం అక్కడే పోతాయి. అదే ప్రసారం ఇంటర్నెట్‌లో వస్తే ఆ ఇరుకు ఉండదు. పైగా దూరమూ అడ్డు కాదు. విజయవాడలో ఉదయం 6 గంటలకు వచ్చే కార్యక్రమం వేసవిలో డల్లాస్‌లోని తెలుగువాళ్లకు ముందురోజు సాయంత్రం 7:30కి, అన్నం వేళకు అందుతుంది.

పని పెద్దదేమీ కాదు. ఒక చివర ఇయర్‌ఫోన్ పిన్ను, రెండో చివర ఎరుపు, తెలుపు పిన్నులు ఉన్న వైరు ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లోనైనా దొరుకుతుంది. స్టీరియో ఆపి ఉంచి, వెనక ‘ఆక్స్’ అనో ‘లైన్ ఇన్’ అనో ‘సీడీ’ అనో రాసి ఉన్నచోట పిన్నులు గుచ్చాలి. ‘ఫోనో’ అని ఉన్నచోట మాత్రం పెట్టకూడదు. అది గ్రామఫోన్ రికార్డు సూది నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతం కోసం చేసిన దారి. వచ్చినదాన్ని సుమారు 100 రెట్లు పెంచుతుంది. కంప్యూటర్ శబ్దాన్ని అందులోకి పంపితే అంతా పగిలిపోయి వినిపిస్తుంది. కంప్యూటర్ వాల్యూమ్ బాగా పైకి పెట్టేసి, హెచ్చుతగ్గులు స్టీరియో నాబ్‌తోనే చూసుకోవాలి. ఈమెయిల్ వచ్చినప్పుడల్లా మోగే గంటలను సెట్టింగ్స్‌లో ఆపేయకపోతే కచేరీ మధ్యలో ఉలిక్కిపడాల్సి వస్తుంది.

చాలామందిని ఇక్కడే నిరుత్సాహపరిచేది ఒకటుంది. అంతా కలిపాక స్పీకర్లలోంచి ‘గుంయ్’ మని ఆగని హోరు వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ మీద నడుస్తుంది. ఆ హోరు దాని గొంతే. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి చూడాలి. హోరు పోతే, కంప్యూటర్‌కూ స్టీరియోకూ ఎర్తింగ్ రెండు దారుల్లో కలిసి చుట్టు ఏర్పడిందన్నమాట. వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న పరికరం పెడితే సాధారణంగా సర్దుకుంటుంది. రెండు వైపులా ఆప్టికల్ సాకెట్ ఉంటే ఇంకా మేలు, ఎందుకంటే ఆ దారిలో వెళ్లేది వెలుతురే గాని కరెంటు కాదు. ఎవరు చెప్పినా ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకూడదు. అది ప్రాణాలకు కాపలా.

డేటా గురించి దిగులక్కర్లేదు. 128 కిలోబిట్ల స్ట్రీమ్‌ను గంటసేపు వింటే ఖర్చయ్యేది 58 మెగాబైట్ల లోపే. 24 గంటలూ మోగించినా 1.4 గిగాబైట్లు దాటదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: మధ్యలో ఆగిపోకుండా కంప్యూటర్ కొన్ని సెకన్ల శబ్దాన్ని ముందే నిల్వ చేసుకుంటుంది కాబట్టి, వార్తల ముందు వచ్చే ‘పిప్’లు ఆలస్యంగా వినిపిస్తాయి. వాటిని చూసి గడియారం సరిచేసుకోకూడదు.

ఈమాత్రానికి కంప్యూటర్, వైరూ ఎందుకు, రేడియో పట్టే పెట్టె ఒకటి కొనుక్కుంటే పోలేదా అని అడగవచ్చు. ఆ పెట్టెల చరిత్రే దానికి జవాబు. స్లిమ్ డివైసెస్ అనే సంస్థ చేసిన స్క్వీజ్‌బాక్స్ ఒకప్పుడు సంగీతప్రియుల ముద్దుబిడ్డ. 2006లో ఆ సంస్థను లాజిటెక్ కొన్నది, 2012లో ఆ పెట్టెల అమ్మకానికి స్వస్తి చెప్పింది, 2024లో వాటికి ఆసరాగా ఉన్న వెబ్ సర్వీసునూ మూసేసింది. దాని సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కావడంతో అభిమానులు దాన్ని బతికించుకుంటున్నారు. గూగుల్ 2015లో తెచ్చిన క్రోమ్‌కాస్ట్ ఆడియో తయారీ 2019 నాటికి ఆగిపోయింది. 2025 మార్చిలో లోపలి డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరడంతో ఇళ్లలో బాగా పనిచేస్తున్నవి కూడా మూగబోయాయి. కంపెనీ సరిచేసేదాకా కొనుక్కున్నవాళ్లు చేయగలిగిందేమీ లేదు. 2015లో బీబీసీ తన పాత తరహా స్ట్రీములను ఆపేసినప్పుడు ఎన్నో ఇంటర్నెట్ రేడియో సెట్లదీ అదే గతి. కంప్యూటర్ ఉన్నవాళ్లు మాత్రం కొత్త చిరునామా పెట్టుకుని వినడం కొనసాగించారు.

చిరునామా అన్నదే అసలు విషయం. కార్ల్ మాలముద్ 1993లో ఇంటర్నెట్ టాక్ రేడియో మొదలుపెట్టాడు. 1994 నవంబర్‌లో అమెరికాలోని చాపెల్ హిల్ విద్యార్థుల రేడియో డబ్ల్యూఎక్స్‌వైసీ తన ప్రసారాన్ని నెట్‌లోకి పంపింది. ఆ దశాబ్దం చివరికి షౌట్‌కాస్ట్, ఐస్‌కాస్ట్ వచ్చి ఎవరైనా స్టేషన్ పెట్టుకోగల స్థితి తెచ్చాయి. వాటిలో స్టేషన్‌కు ఒక వెబ్ చిరునామా ఉండేది. దాన్ని ఏ ప్లేయర్‌లో వేసినా పాడేది. ఇవాళ్టికీ వీఎల్‌సీ తెరిచి, కంట్రోల్, ఎన్ నొక్కి, చిరునామా అతికిస్తే చాలు. దాన్నే ప్లేలిస్టుగా దాచి డెస్క్‌టాప్ మీద పెడితే ఇంట్లో పెద్దవాళ్లు ఒక్క క్లిక్కుతో వింటారు.

మరి మన ఆకాశవాణి? రెండు వందలకు పైగా కేంద్రాల ప్రసారాలను వెబ్‌సైట్లోనూ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లోనూ ఇస్తోంది. అది మెచ్చుకోదగ్గ పని, కాని అక్కడితో ఆగకూడదు. ఆకాశవాణి అనౌన్సర్లు ప్రసారం మొదలుపెడుతూ తమ కేంద్రం ఎన్ని మీటర్ల మీద, ఎన్ని కిలోహెర్ట్జ్ మీద వినిపిస్తుందో చెప్పేవారు. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ అని తెలిస్తే మర్ఫీ అయినా, బుష్ అయినా, సొంతంగా బిగించుకున్న సెట్టయినా అందుకునేది. ఏ కంపెనీ సెట్టో, వినేది ఎవరో స్టేషన్‌కు అక్కర్లేదు. ప్రజల డబ్బుతో నడిచే రేడియోకు ఉండవలసిన గుణం అది. యాప్ ఒక్కటే దారి అయిన రోజున ఆ గుణం పోతుంది.

యాప్ ఉంటేనే శ్రోతల లెక్క తెలుస్తుందన్న వాదన నిలవదు. ఏ క్షణాన ఎందరు వింటున్నారో స్ట్రీమింగ్ సర్వరే చెబుతుంది. పాటల హక్కుల చిక్కు నిజమైనదే. కాపీరైట్ చట్టంలోని 31డి సెక్షన్ కింద రేడియోకు దొరికే లైసెన్సు ఇంటర్నెట్ స్ట్రీమింగ్‌కు వర్తించదని బాంబే హైకోర్టు 2019లో తీర్పు చెప్పింది. ప్రైవేటు ఎఫ్ఎంలు నెట్‌లోకి రావడానికి వెనకాడితే అర్థం ఉంది. కాని ఇప్పటికే నెట్‌లో ఇస్తున్న ప్రసారానికి చిరునామా చెప్పడానికి కొత్తగా వచ్చే అడ్డు ఏముంటుంది?

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి, వరంగల్, కడప... తెలుగు కేంద్రాలన్నిటి స్ట్రీమ్ చిరునామాలను ఆకాశవాణి తన వెబ్‌సైట్ మొదటి పేజీలోనే పెట్టాలి. మార్చవలసి వస్తే పాతదాన్ని కనీసం ఏడాదిపాటు కొత్తదానికి మళ్లించాలి. ప్రసారం మొదలయ్యేటప్పుడు ఫ్రీక్వెన్సీతో పాటు ఆ పేజీ పేరు కూడా అనౌన్సర్ చేత చెప్పించాలి. ఇందులో దేనికీ కొత్త ట్రాన్స్‌మిటర్ అక్కర్లేదు, కొత్త స్టూడియో అక్కర్లేదు. ప్రసార భారతి ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.

– శ్రోత