సీటు సరే... రిజిస్ట్రేషన్‌ మాటేమిటి?

విదేశీ నర్సింగ్‌ చదువుల్లో అసలు మెలిక అక్కడే
ఫీజు కట్టకముందే ఆరా తీయడం మేలు

ఇంటర్‌ బైపీసీ ముగించి, వైద్యవిద్యలో సీటు దక్కని విద్యార్థుల్లో పలువురు నర్సింగ్‌ వైపు మొగ్గు చూపుతున్నారు. గల్ఫ్‌తో పాటు బ్రిటన్‌, జర్మనీ, ఆస్ట్రేలియాల్లో నర్సులకు గిరాకీ ఉండటమే ఇందుకు కారణం. పొలం తాకట్టు పెట్టయినా పిల్లలను నేరుగా అక్కడే చదివించాలని తలపోసే తల్లిదండ్రులూ ఉన్నారు. అయితే పట్టా ఒక్కటే కొలువు ఇప్పించదు. ఆ దేశపు నర్సింగ్‌ కౌన్సిల్‌ లేదా సంబంధిత అధికార సంస్థ గుర్తింపు లభిస్తేనే ఆసుపత్రిలో నర్సుగా అడుగుపెట్టగలరు. చేరబోయే కోర్సు ఆ గుర్తింపునకు దారి తీస్తుందా, లేదా అన్నదే కీలకం.

మూడు దారులు

ఆస్ట్రేలియాలో గుర్తింపు పొందిన నర్సింగ్‌ డిగ్రీ సాధారణంగా 3 ఏళ్లు ఉంటుంది. ఇంగ్లిషు ప్రమాణం తదితర షరతులు నెరవేరిస్తే అక్కడే రిజిస్టర్డ్‌ నర్సు కావచ్చు. కాకపోతే స్థానిక విద్యార్థులకు లభించే ప్రభుత్వ రాయితీ మనవారికి వర్తించదు. ఫీజు భారం అంతా కుటుంబానిదే.

జర్మనీలో డిగ్రీకి బదులు ‘ఆస్‌బిల్డుంగ్‌’ పేరిట 3 ఏళ్ల వృత్తి శిక్షణ ఉంది. 2020లో అమల్లోకి వచ్చిన చట్టంతో శిక్షణ ఫీజు రద్దయింది. పైగా నెలనెలా భృతి చెల్లిస్తారు. జర్మన్‌ భాషలో కనీసం బి-1, చాలాచోట్ల బి-2 స్థాయి సాధించడమే కష్టమైన మెట్టు.

ఇక్కడే 4 ఏళ్ల బీఎస్సీ నర్సింగ్‌ చదివి వెళ్లడం మూడో దారి. బ్రిటన్‌కైతే ఐఈఎల్‌టీఎస్‌లో 7 (రాతలో 6.5) లేదా ఓఈటీలో తగిన స్థాయి, ఆపై కంప్యూటర్‌ పరీక్ష, ‘ఓస్కీ’ అనే ప్రయోగ పరీక్ష నెగ్గాలి. అమెరికాకు ఎన్‌క్లెక్స్‌ తప్పనిసరి. అది నెగ్గినా వీసాకు ఏళ్ల తరబడి నిరీక్షణ తప్పడం లేదు.

పేరు చూసి మోసపోవద్దు

వీసా సులువన్న మాట నమ్మి హెల్త్‌కేర్‌ మేనేజ్‌మెంట్‌, పబ్లిక్‌ హెల్త్‌ వంటి పీజీ కోర్సుల్లో చేరితే ఇబ్బందులే. ఆ పట్టాలతో నర్సుగా నమోదు కావడం కుదరదు. రోగుల సంరక్షకులుగానైనా స్థిరపడవచ్చన్న ఆశ కూడా సన్నగిల్లింది. విదేశాల నుంచి కొత్తగా సంరక్షకులను రప్పించుకునే వీసాలను బ్రిటన్‌ 2025 జులైలో నిలిపివేసింది.

అడిగి తెలుసుకోవాలి

కన్సల్టెన్సీ ఇచ్చే కరపత్రాన్ని కాక, ఆ దేశపు అధికార సంస్థ ప్రకటించిన గుర్తింపు జాబితాను సరిచూసుకోవాలి. ఇక్కడ చేరేవారు కళాశాలకు ఇండియన్‌ నర్సింగ్‌ కౌన్సిల్‌, రాష్ట్ర కౌన్సిల్‌ గుర్తింపు ఉందో లేదో, శిక్షణకు తగిన ఆసుపత్రి ఉందో లేదో చూడాలి. ఉద్యోగానికి పంపే ఏజెంటు వలస నిబంధనల ప్రకారం రూ.30 వేలు, దానిపై జీఎస్టీ మించి సేవా రుసుము తీసుకోరాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్‌, తెలంగాణలో టామ్‌కామ్‌ అనే ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి.

తాకట్టు పెట్టిన పొలం తిరిగి చేతికి రావాలంటే బిడ్డకు నర్సు కొలువే దక్కాలి. ఆ హామీ లేని సీటు ఎంత పెద్ద దేశంలో దొరికినా చివరకు అప్పుగానే మిగులుతుంది.