గేటుకు మార్కులెవరేస్తారు?

గోల్ఫ్ మైదానం గొప్పతనం ఎట్లా తూస్తారు? సముద్రపు గాలి, ఇసుక గుంటలు, గడ్డి వాలు చూసి మార్కులేస్తారు. కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్ రిసార్టు దగ్గర్లో సైప్రస్ పాయింట్ క్లబ్బుంది. 1928లో తెరిచారు. డిజైన్ అలిస్టర్ మెకంజీది. 16వ హోల్‌లో బంతిని సముద్రం మీదుగా కొట్టాలి. అద్భుతమే, కాదనం.

మరి గేటు సంగతి? టోర్నమెంటు జరిపే క్లబ్బుల్లో వివక్ష ఉండరాదని 1990లో పీజీఏ టూర్ నియమం పెట్టింది. అప్పటికి ఒక్క నల్ల సభ్యుడు కూడా లేని ఈ క్లబ్బు టోర్నమెంటునే వదులుకుంది. బంతి సముద్రం దాటింది, నల్లమనిషి మాత్రం అప్పట్లో సభ్యుడై గేటు దాటలేదు!

స్కాట్లాండులో సెయింట్ ఆండ్రూస్ పాత మైదానం చూడండి. అక్కడి పెద్దల క్లబ్బు 2014 దాకా ఆడవాళ్లను చేర్చుకోలేదు. అయినా నేల క్లబ్బుది కాదు, ప్రజలది. మామూలు ఆదివారాల్లో ఆట బంద్. ఊరి జనం నడుస్తారు.

ఏది మంచి డిజైన్? మా లెక్కలో మొదటి మార్కు గేటుకే.